బిక్షపతి కలిపిన రంగు

నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో, మూతపడిన బస్ బాడీల కార్ఖానా వెనక, ఒక రేకుల షెడ్డు ఉండేది. పగలు దాని గోడ నీడన ఆటోలు ఆపుకుని డ్రైవర్లు టిఫిన్లు తినేవాళ్ళు. చీకటి పడితే మాత్రం అక్కడ ఒక్క మనిషి నిలిచేవాడు కాదు. లోపల్నించి చప్పుడు వస్తుందనేవారు. పెద్ద చప్పుడేం కాదు... స్స్స్... అని. స్ప్రే గన్ను నొక్కి పట్టుకుంటే వచ్చే చప్పుడు.

ఆ షెడ్డుకి కరెంటు తీసేసి అప్పటికే రెండు నెలలు.

ఇది 2007 నాటి సంగతి. అప్పటికి ఉప్పల్లో స్టేడియం కొత్త. మ్యాచ్ ఉన్న రాత్రి చిల్కానగర్ మేడల మీద ఆ దీపాల వెలుగులో పేపరు చదువుకోవచ్చనేవారు. నేనూ ఎక్కి చూశాను. హెడ్డింగులే కనిపించాయి. సరే, ఆ గొడవ ఇప్పుడెందుకు.

ఈ కథ నాకు చెప్పినవాడు ఉమామహేశ్వర్. మా కింది వాటాలో అద్దెకుండేవాడు. తెనాలి వైపు మనిషి. అపార్టుమెంట్లు కట్టేవాళ్ళకి నమూనాలు చేయడం అతని పని. బల్ల మీద ఊరంతా లేస్తుంది... చెట్లు, కార్లు, ఈతకొలను, మధ్యలో మనుషులు. ఆ మనిషి బొమ్మ అగ్గిపుల్లలో సగం కూడా ఉండదు. ముఖం ఆవగింజంత.

అంత చిన్న బొమ్మకి చొక్కా, చీర కుంచెతో అద్దవచ్చు. ముఖానికీ చేతులకీ మళ్ళీ రంగు వేయడం కుదరదు. ముందు బొమ్మంతటికీ కొట్టే బేస్ కోటే ఒంటి రంగుగా మిగలాలి. అందుకని ఆ రంగులోనే ఉంది కిటుకంతా.

అతనికి ఆ రంగు కలిపి ఇచ్చినవాడు బిక్షపతి. జనగామ నుంచి వచ్చి, ఆ రేకుల షెడ్డులో కార్లకి పెయింటు కొట్టుకుని బతికేవాడు.

"తెల్లది కొడితే బొమ్మ బొమ్మ లెక్కనే ఉంటది సార్," అనేవాడట. "గ్రే కొడితే పీనుగ లెక్క. మనిషి లెక్క కొట్టాలె."

అతను కలిపే పద్ధతి ఒకటుంది. రంగు కలిపి, మోచేతి కింద వేలితో ఒక చుక్క రాసుకునేవాడు. చుక్క కనిపిస్తే ఇంకా కలపాలి. తన ఒంటి మీద తనకే ఎక్కడ రాశాడో తెలియనప్పుడు రంగు కుదిరినట్టు. కొలత లేదు, కాగితం లేదు.

ఒక రాత్రి కారుకి పెయింటు కొడుతూ కొడుతూ బిక్షపతి కూలిపోయాడు. గుండె ఆగింది. పొద్దున చూసేసరికి వేలు గన్ను మీదే బిగుసుకుపోయి ఉందన్నారు. షెడ్డుకి కరెంటు తీసేసి తాళం వేశారు. చప్పుడు పుకారు ఆ వారంలోనే మొదలైంది.

ఉమామహేశ్వర్ అప్పుడే హబ్సిగూడలో పాత యజమాని దగ్గర పని మానేసి సొంతంగా మొదటి ఆర్డరు పట్టాడు. ఘట్కేసర్ దగ్గర ఏదో వెంచరు. వంద మంది బొమ్మలు అతికించి అప్పగించాడు కూడా. ప్రారంభానికి ముందురోజు బిల్డరు ఫోను చేశాడు.

"జనం పల్చగా ఉన్నారయ్యా. సందడి కనిపించాలి. ఇంకో యాభై మందిని పెట్టు. పొద్దున తొమ్మిదికల్లా ఉండాలి."

బిక్షపతి ఇచ్చిన రంగు అయిపోయింది.

ఆ రోజంతా అతను తిరగని కొట్టు లేదు. ఏఎస్ రావు నగర్, మల్కాజిగిరి, చివరికి రాణీగంజ్. స్ప్రే డబ్బాల మూతల మీద రంగులు చూడటం, ఒకటి కొనడం, అక్కడే అట్టముక్క మీద కొట్టడం. ఒకటి బిస్కెట్టులా వచ్చింది. ఒకటి ఇటుకలా. ఇంకొకటి జ్వరం తగిలిన మనిషిలా. సాయంత్రం ఇంట్లో కూర్చుని స్వయంగా కలిపి, బిక్షపతిలాగే తన చేతి మీద రాసుకు చూశాడు. చుక్క కనిపించకుండా పోయింది. సంబరపడి బొమ్మలకి కొట్టాడు.

తన దగ్గర మిగిలిన పాత బొమ్మ పక్కన పెడితే... ఈ యాభై మందీ వేరే ఊరివాళ్ళలా ఉన్నారు.

ఉమామహేశ్వర్ పచ్చటి మనిషి. తన చేతికి సరిపోయింది కాని బిక్షపతి చేతికి కాదు. అంత పనిమంతుడూ ఆ చిన్న సంగతి ఆలోచించలేదు.

రేపు ఆ నమూనా ఎబ్బెట్టుగా కనిపిస్తే మళ్ళీ హబ్సిగూడ వెళ్ళి పాత యజమాని ముందు చేతులు కట్టుకోవాలి. అందుకే రాత్రి పదకొండింటికి నాచారం బయల్దేరాడు. షెడ్డులో ఎక్కడో మిగిలిన డబ్బా ఉంటుందని ఆశ.

కార్ఖానా వాచ్‌మన్ పోశయ్య తాళం తీశాడు. రేకు తలుపుకి ఒక బందు ఊడిపోయింది. వదిలితే దానంతటది మూసుకుంటుంది.

"నేను లోపలికి రాను సార్. ఈడ్నే తలుపు వట్టుకొని టార్చి కొడ్త. జల్ది సూస్కొని రాండ్రి."

"ఏం, భయమా?"

"బయమేంది... ఆయన బతికున్నప్పుడు గూడ రాత్రి పని చేస్తుంటే పిలిచేటోన్ని కాదు. కోపమొస్తుండె."

గుమ్మం నుంచి బల్ల దాకా ఇరవై అడుగులు. థిన్నర్ వాసన ఇంకా గుప్పుమంటోంది. బల్ల మీద ఆరు డబ్బాలు. ఒక్కదానికీ పేరు లేదు.

మూతలు తీశాడు. టార్చి వెలుగులో ఆరూ ఒకలాగే ఉన్నాయి.

స్స్స్...

ఆగి విన్నాడు. ఏమీ లేదు. రేకుల మీద గాలి అనుకున్నాడు.

జేబులోంచి పాత బొమ్మ తీసి పక్కన పెట్టాడు. ఆవగింజంత ముఖంతో ఏం పోల్చుకుంటాడు? తన చెయ్యి ఎలాగూ పనికిరాదు. పోశయ్య బిక్షపతిలాగే చామనఛాయ మనిషి. తల తిప్పకుండానే మెల్లగా పిలిచాడు.

"పోశయ్యా... ఒక్కసారి వచ్చి చెయ్యి ఇవ్వు."

అడుగుల చప్పుడు రాలేదు. విసుగొచ్చి మళ్ళీ అన్నాడు.

"నిన్నేం తినేయనయ్యా. చెయ్యి చాపు చాలు."

పక్కనుంచి ఒక చెయ్యి వెలుగులోకి వచ్చింది. మోచేతి కింది భాగం పైకి తిప్పి, కదలకుండా నిలబడింది.

మణికట్టు పట్టుకున్నాడు. వెచ్చగా ఉంది. మొదటి డబ్బాలోంచి చుక్క రాశాడు... కనిపించింది. రెండోది... కనిపించింది. మూడోది రాశాడు.

చుక్క లేదు.

వంగి చూశాడు. ఎక్కడ రాశాడో తనకే తెలియలేదు. అచ్చంగా కలిసిపోయింది.

"దొరికింది పోశయ్యా," అన్నాడు గట్టిగా.

"దొరికిందా సార్?"

ఆ మాట ఇరవై అడుగుల దూరం నుంచి వచ్చింది.

తల తిప్పాడు. పోశయ్య గుమ్మంలోనే ఉన్నాడు. ఒక చేత్తో టార్చి. ఇంకో చేత్తో తలుపు. వెలుగు ఇంతసేపూ అంగుళం కదల్లేదు.

ఉమామహేశ్వర్ వేళ్ళ మధ్య ఇంకా... ఆ మణికట్టు ఉంది.

ఎలా వదిలాడో, ఎలా పరిగెత్తాడో అతనికి గుర్తులేదు. డబ్బా బల్ల మీదే వదిలేసి, పోశయ్యని తోసుకుని రోడ్డు మీద పడ్డాడు.

ఇది చెప్పినప్పుడు నేను నవ్వాను. ఎప్పుడో బీఎస్సీ కెమిస్ట్రీ చదివినవాణ్ణి. "మూసిన షెడ్డు, ఆరు డబ్బాల మూతలు తీశావు, పొద్దుట్నుంచి తిండి లేదు. థిన్నర్ ఆవిరి తలకెక్కితే చెయ్యేం ఖర్మ, మనిషి మొత్తం కనిపిస్తాడు," అన్నాను.

"నేనూ అదే అనుకున్నాను బాబాయిగారూ," అన్నాడు. వాదించలేదు.

నాకే ఒక సందేహం మిగిలింది. మర్నాడు తొమ్మిదికి యాభై బొమ్మలూ వెళ్ళాయి. నేనూ చూసొచ్చాను. పాతవేవో కొత్తవేవో చెప్పడం ఎవరి తరమూ కాదు. బిల్డరు అక్కడికక్కడే ఇంకో పని ఇచ్చాడు.

"డబ్బా వదిలేసి పరిగెత్తానన్నావు. మరి రంగెక్కడిది?"

అతను గొంతు తగ్గించాడు.

"మళ్ళీ వెళ్ళాను. వెళ్ళక చస్తానా. పది నిమిషాలు రోడ్డు మీద కూర్చుని, లేచి వెళ్ళాను. పోశయ్య తలుపు వదిలేసి నా పక్కనే కూర్చున్నాడు... లోపలికి ఎవరూ పోలేదు."

"ఊఁ."

"తలుపు తీశాను. బల్ల దాకా పోవాల్సిన పని లేకపోయింది. మూడో డబ్బా గడప మీద ఉంది బాబాయిగారూ. ఆరిపోకుండా... మూత చుట్టూ కొట్టి బిగించి ఉంది."