నలభై ఒకటో గొంతు

భీమిలి బజారులో ఇప్పుడు రొయ్యలు వలలో పడవు, యంత్రంలో అచ్చవుతాయి. పలకల్లా పేర్చిన ముద్రిత రొయ్యల్లోంచి ఎవరికి కావలసినంత వాళ్ళు కోయించుకుని పోతారు. పూర్వం పెద్ద హోటళ్ళలో లాబ్‌స్టర్ పేరుతో వడ్డించిన అసలు రాతి రొయ్యను, 2089 నాటికి, రుచి చూసినవాళ్ళు ఊళ్ళో పదిమంది కూడా లేరు. దాని వేట ఆపి ముప్పై ఏళ్ళయింది.

ఆ వేట మళ్ళీ తెరవాలా వద్దా అన్న ప్రశ్న డాక్టర్ మైలపల్లి నూకాంబ నెత్తిన పడింది. కారణం, ఆమె తయారుచేసిన గంధవాణి.

రాతి రొయ్యలు మూత్రంతో మాట్లాడుకుంటాయి. ముఖం మీద, మీసాల మొదట్లో ఉండే రంధ్రాల్లోంచి ఎదుటిదాని మీదికి చిమ్ముతాయి. ఒకసారి పోరాడి ఓడిన రొయ్య, గెలిచినదాని వాసనను కొన్నాళ్ళు గుర్తుపెట్టుకుని, మళ్ళీ ఎదురైతే పోరాడకుండానే పక్కకు జరుగుతుంది. గంధవాణి ఆ వాసనలను గంధగ్రాహకాలతో, అంటే నీళ్ళలో వేలాడే కెమికల్ సెన్సార్లతో పట్టి, తెలుగు మాటలుగా తెరమీద రాస్తుంది. ఏ మాట ఏ ప్రాణిదో తెలిసేలా ఒక్కో గొంతుకు ఒక సంఖ్య ఇస్తుంది. నలభై రొయ్యల దగ్గర అది భాష నేర్చుకుంది.

మంత్రిత్వశాఖ అడిగింది ఒక్కటే: రాతి రొయ్యకు మనిషంటే భయముందా? ఉంటే వేట ఉండదు, లేకపోతే తెరుస్తారు.

మొదటి రోజు పదకొండింటికి నూకాంబ తొట్టిలో పన్నెండో నంబరు రొయ్యను ఒంటరిగా ఉంచి, వట్టి చేత్తో ఆల్చిప్ప మాంసం అందించింది. అప్పుడే ప్రయోగశాల డైరెక్టర్ డాక్టర్ మార్తాండ్ లోపలికి వచ్చి ఆమె వెనకాల నిలబడ్డాడు. తెర వెలిగింది.

"నలభై ఒకటో గొంతు: నువ్వే. ఎరుగుదును. తప్పుకుంటాను."

నూకాంబ తొట్టిలోకి వంగి చూసింది. తొట్టిలో వేరే రొయ్య లేదు. అంటే మనిషికే కదా చెబుతోంది! కానీ పన్నెండో రొయ్యకు నలభై ఒకటో సంఖ్య ఎందుకొచ్చింది?

"యంత్రం చెడిపోయింది. నివేదికలో భయం లేదని రాయండి," అన్నాడు మార్తాండ్.

కాదని చెబుదామనుకుంది. "సరే సార్," అంది.

రెండో రోజు నీళ్ళు మార్చింది. రొయ్యనూ మార్చింది. పదకొండింటికి మళ్ళీ వట్టి చేత్తో మాంసం అందిస్తుండగా డైరెక్టర్ వచ్చాడు, తెరమీద అదే గొంతు, అదే మాట. ఒక రొయ్య గొంతు ఇంకో రొయ్యకు ఎలా వస్తుంది? ఆమెకు అంతుపట్టలేదు. తొట్టెలు చూసుకునే గరికిన అప్పన్నను పిలిచి అడిగింది. డెబ్బై దాటిన అప్పన్న కుర్రతనంలో రాళ్ళ మధ్య మునిగి ఈ రొయ్యల్నే పట్టినవాడు.

"అదేటి మాటాడతాదో నాకేటి తెలుసమ్మా? మా ముత్తాత కాలంలో వలకి పడితే తిట్టుకుని ఇసకలో పారేసేవోరంట, వల కొరికేస్తాదని. తరవాత హోటలోళ్ళు మోజుపడితే, దాని కోసమే పేనాలకి తెగించి మునిగినాం. రొయ్య మారనేదు. మన నాలుకే మారింది."

విని నవ్వింది కానీ అయోమయం తీరలేదు.

మూడో రోజు రొయ్యను పక్క తొట్టిలోకి మార్చమంది. అప్పన్న మార్చాడు. నూకాంబ ఖాళీ తొట్టిలో చెయ్యి పెట్టి మిగిలిన ఆల్చిప్ప ముక్కలు ఏరుతోంది. తలుపు తెరుచుకుంది. మార్తాండ్ అడుగుల చప్పుడు వినగానే ఎప్పటిలాగే ఆమె అరచేతులకు చెమట పట్టింది.

"నలభై ఒకటో గొంతు: నువ్వే. ఎరుగుదును. తప్పుకుంటాను."

తొట్టిలో రొయ్య లేదు. ఉన్నది చెమట పట్టిన ఆమె చెయ్యి. నూకాంబ దాన్ని నిప్పు తగిలినట్టు వెనక్కి లాక్కుంది.

"చూశారా, ఖాళీ నీళ్ళు కూడా మాట్లాడుతున్నాయి!" అని గట్టిగా నవ్వి, మార్తాండ్ చొక్కా చెయ్యి పైకి మడిచి తన చెయ్యి నీళ్ళలో ముంచాడు. ఆమె కళ్ళలోకి చూస్తూ, "ఇప్పుడేమంటుందో చూద్దాం," అన్నాడు.

"నలభై రెండో గొంతు: నువ్వే. ఎరుగుదును. తప్పుకుంటాను."

అతని నవ్వు ఆగిపోయింది. చెయ్యి మెల్లగా బయటికి తీశాడు.

"చెన్నై సదస్సులో మీరు నా తప్పు ఎత్తి చూపారు," అన్నాడు మార్తాండ్. "ఆరేళ్ళయింది. అప్పట్నుంచీ మీ ముందు నోరు విప్పాలంటే అరచేతులకు చెమట పడుతుంది. అందుకే గట్టిగా మాట్లాడతాను."

"మీరు ఆ రోజు అందరి ముందూ కూర్చోమన్నారు సార్. నేను ఇప్పటికీ కూర్చునే ఉన్నాను."

ఇద్దరూ తెరవంక చూశారు. రెండు ఓటములు ఒకదాని కింద ఒకటి.

"అయితే గెలిసిందెవులు బాబూ?" అన్నాడు అప్పన్న. తొట్టి దగ్గరికి వచ్చాడు. "నా సెయ్యి కూడా ఎట్టి సూడనా?"

"వద్దు!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

మర్నాడు నివేదిక వెళ్ళింది. అది వేట తెరిపించవచ్చని నూకాంబకు తెలుసు. అయినా నిజమే రాసింది: "మూడు రోజుల్లో రాతి రొయ్య ఒక్క మాటా అనలేదు. భయపడింది మేము." కింద ఇద్దరూ సంతకాలు చేశారు. మంత్రిత్వశాఖలో ఎవరికీ అర్థం కాలేదు. "మేము" అంటే ఏ జాతి ప్రాణులో వివరించాలని కోరుతూ తిప్పి పంపారు. జవాబు ఎవరు రాయాలో ఆ ఇద్దరికీ ఇంకా తేలలేదు. అంతవరకూ వేట మూసే ఉంది.