మూల కంప్యూటర్‌లో బూడిదరంగు అక్షరాలు

ఆ ఆసుపత్రిలో స్కాన్ బొమ్మలు దాచే గది ఒకటుంది. అందులో మూలనున్న కంప్యూటర్‌కి అసలు మంచి పేరు లేదు. పగలు ఎలాగోలా కూర్చుంటారు గానీ, చీకటి పడ్డాక దాని ముందు కూర్చోమంటే కండలు తిరిగిన మగాళ్లకి కూడా ఎక్కడలేని కడుపునొప్పీ వచ్చేస్తుంది.

ఆ కుర్చీ ఇదివరకు ఒక ముసలాయనది. ఒకరోజు సెలవు పెట్టి వెళ్లాడు, మళ్లీ రాలేదు. పోయాడన్నారు. పోయినాయన ఊరుకున్నాడా? మనం రెండక్షరాలు కొడితే మిగతావి తనే కొడతాడట! ఆడా మగా తేడా లేకుండా అందర్నీ "తల్లీ" అనడం ఆయన అలవాటు. ఇప్పటికీ అలాగే పిలుస్తాడట. అది చూసిన ఇద్దరు ఆపరేటర్లు చెప్పులు కూడా వదిలేసి పరుగెత్తారు.

ఇదంతా విని, ఆ గదిలో కొత్తగా చేరిన అమ్మాయి పకపకా నవ్వింది. "ఇదివరకు ఎవరేం కొట్టారో గుర్తుపెట్టుకుని, మనకి లేత రంగులో చూపించే ప్రోగ్రాం అది. దాన్ని పట్టుకుని దెయ్యమంటారేంటి, చోద్యం కాకపోతే!"

ఆ నవ్వు రాత్రి డ్యూటీ పడేదాకానే.

పదకొండింటికి ఆ విభాగం పెద్దసారు ఫోన్ చేశాడు. "డిస్క్ నిండిపోయింది. ఇంకో గంటలో ఖాళీ చెయ్యకపోతే కొత్త స్కాన్లు తీసుకోదు. 'తాత్కాలికం' అని ఫోల్డరుంది, మొత్తం తుడిచెయ్." అంతలోనే గొంతు తగ్గించాడు. "నేను చెప్పానని మాత్రం ఎక్కడా అనకు."

ఎందుకనకూడదు? ఆమెకి అక్కడే ఏదో తేడా కొట్టింది.

సాయంత్రం స్కాన్ తీయించుకున్న ఎనిమిదేళ్ల పిల్ల గుర్తొచ్చింది. "నా లోపల ఏముందో నాకూ చూపిస్తావా అక్కా?" అని అడిగింది. పొద్దున్నే ఆ పిల్లకి గుండె ఆపరేషన్. ఆ బొమ్మలు ఎక్కడున్నాయో! ఫోల్డర్ తెరిచి చూస్తే అన్నీ అంకెలే, ఒక్క పేరూ లేదు.

సరే, సారు చెప్పాడు కదా… తుడిచే కమాండ్‌కి ఉన్నవే రెండక్షరాలు. కొట్టింది.

పక్కనే బూడిదరంగులో బిలబిలమంటూ అక్షరాలు వచ్చాయి. ఇంగ్లీషు లిపిలో తెలుగు మాటలు —

"ఆగు తల్లీ. తాత్కాలికం జోలికి పోకు. అనుమానముంటే ఫోన్ చెయ్." ఆ కింద ఒక నంబరు.

ప్రోగ్రామే, తెలుసు. తెలిసినా కుర్చీ వెనక్కి జరిపింది. ఎవడైనా ఆటపట్టిస్తున్నాడా? బల్ల కింద వంగి చూసింది. తలుపు వెనక చూసింది. ఎవరూ లేరు. బతికున్న సారు తుడవమంటాడు, చచ్చిపోయిన ముసలాయన వద్దంటాడు… ఎవర్ని నమ్మాలి?

ఆ పిల్ల మొహం మళ్లీ కళ్లముందు మెదిలింది. ఏదైతే అదవుతుందని, చచ్చిపోయిన మనిషి నంబరుకి ఫోన్ కలిపింది.

మోగింది… మోగుతూనే ఉంది…

ఎత్తారు.

అవతల ఎవరో ఆయాసంగా ఊపిరి తీస్తున్నారు. తర్వాత గుసగుసగా — "తుడిచేశావా తల్లీ?"

"లే… లేదండీ. మీరు… మీరు పోయారన్నారు…"

"ఎవరూ, నేనా? మోకాలి ఆపరేషన్ చేయించుకుని మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను! గట్టిగా మాట్లాడితే మనవడు లేస్తాడు." ఆయన కిసుక్కున నవ్వాడు. "బతికుండగానే చంపేశారన్నమాట."

ఆమె కుర్చీలో కూలబడింది. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"చోటు చాలక, ఆపరేషన్లకి కావలసిన బొమ్మల్ని మూడేళ్ల కిందట అందులో పెట్టించిందే మీ సారు. నాలుగు రోజులకని పెట్టించి మర్చిపోయాడు. అప్పట్నుంచీ అన్నీ అందులోకే పోతున్నాయి, రేపటివి కూడా అందులోనే ఉంటాయి. నువ్వు 'నకళ్లు' అన్న ఫోల్డరు తుడువు, వాటి అసలు బొమ్మలు వేరేచోట భద్రంగా ఉన్నాయి."

తుడిచింది. డిస్క్ ఖాళీ అయింది. ఆ పిల్ల బొమ్మలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

"మీరు దెయ్యమయ్యారని ఇక్కడ అందరూ హడలిపోతున్నారు. రేపే అందరికీ చెప్తానండీ, మీరు బతికే ఉన్నారని."

ఆయన గబగబా అడ్డుపడ్డాడు.

"వద్దు తల్లీ. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నోరు పోయేలా మొత్తుకున్నాను, ఒక్కడూ వినలేదు. వెళ్లిపోతూ ఆఖరి రోజున, తుడిచే కమాండ్ పక్కనే ఆ మాట కొట్టి వచ్చాను. దెయ్యమయ్యాకే ఆగుతున్నారు… నన్నిలాగే ఉండనీ."

తెల్లారాక పెద్దసారు వచ్చాడు. మూలకేసి చూస్తూ, నెమ్మదిగా అడిగాడు. "రాత్రి… ఏమైనా కనిపించిందా? నేను చెప్పానని అక్కడ అనలేదుగా?"

కొత్తమ్మాయి గుండెల మీద చెయ్యేసుకుంది. "కనిపించడమేంటి సార్… మాట్లాడాడు కూడా!"