పక్క గదికి వెళ్లిన ఫైలు

"నెలకు మూడున్నర శాతమా!"

ఆ కేకకు బ్యాంకులో కార్డుల సెక్షనంతా తలలు తిప్పింది. కేక పెట్టిన కుర్రాడు లిఫ్టు మెకానిక్కు. ఊళ్లో వాళ్లందర్నీ పైకి చేరుస్తాడు, తను మాత్రం లక్షా ఎనభై వేల అప్పులో గ్రౌండ్ ఫ్లోరుకూ కింద ఉన్నాడు. కార్డు గీకినన్నాళ్లు గీకాడు, ఇప్పుడు తల గోక్కుంటున్నాడు. నెలకు ఏడు వేలు కడితే ఆరు వేల మూడొందలు వడ్డీకే వడ్డన!

"అరవకండి," అంది కౌంటరు అమ్మాయి. "అరిస్తే తగ్గేదైతే నేనే మైకు ఇచ్చేదాన్ని."

"మరెలా తగ్గుతుందండీ?"

"కార్డిటివ్వండి."

ఇచ్చాడు. కత్తెర తీసి కరకరా రెండు ముక్కలు చేసి చేతిలో పెట్టింది! మెకానిక్కు నోరు లిఫ్టు తలుపులా తెరుచుకుని, మూసుకోవడం మర్చిపోయింది.

"ఇక గీకలేరు. మూడు నెలలు గడువు దాటకుండా పది వేల చొప్పున కట్టండి. ఆ రసీదులు పెట్టి, వడ్డీ తగ్గించమని కాగితం మీద అడగండి. మంచి ఖాతాదారుణ్ని పోగొట్టుకోవాలని ఏ బ్యాంకుకూ ఉండదు."

అతను ఓవర్‌టైములు చేశాడు, టీలు మానేశాడు, కట్టాడు. ప్రతి నెలా స్వయంగా వచ్చి మరీ కట్టాడు.

"ఫోన్లో కట్టొచ్చు కదా?" అందామె.

"ఫోన్లో ఎవరూ తిట్టరండీ."

ఆమె కంప్యూటరు వైపు తిరిగి నవ్వింది. ఆ నవ్వుకు అసలూ వడ్డీ రెండూ మర్చిపోయాడు మనవాడు. కానీ అప్పు తీరేదాకా నోరు విప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. అప్పున్నవాణ్ని ఎవరు ఒప్పుకుంటారు?

నాలుగో నెల దరఖాస్తు పట్టుకొచ్చాడు. ఆమె తలెత్తలేదు.

"మీ ఫైలు నా దగ్గర లేదు. పక్క గదికి వెళ్లండి."

"పక్క గదా! అక్కడ... ససేమిరా సారు కదండీ?"

ముప్పై ఏళ్ల సర్వీసులో ఒక్కరికీ సరేననని ఆఫీసరుకు స్టాఫు పెట్టిన పేరది.

"నేనేం తప్పు చేశానని?" అన్నాడు మెకానిక్కు.

"రూలండీ," అందామె, కాగితాలు సర్దుతూ.

పక్క గదిలో ఆఫీసరు కళ్లద్దాల మీదుగా చూశాడు. "బంధువుల ఖాతాలు మా స్టాఫు చూడకూడదు. అందుకే ఆ అమ్మాయి నీ ఫైలు వదులుకుంది. నీకేమవుతుంది?"

"ఏమీ అవదు సార్!"

"మరి ఇదేంటయ్యా?" అంటూ ఫారం చదివాడు. "'ఖాతాదారుడు ఇంకా బంధువు కాలేదు, నన్ను అడగలేదు. అడిగితే ఒప్పుకోవాలని నా ఉద్దేశం. కాబట్టి ఈ ఫైలు నేను చూడటం న్యాయం కాదు.'"

మెకానిక్కు కుర్చీలో కూర్చున్నాడు. కూర్చోమని ఎవరూ అనలేదు.

"సార్... ఇంకొక్కసారి చదవండి."

"చదవను. వడ్డీ రెండు శాతం చేస్తా."

"ఒకటిన్నర సార్! ఇవిగో రసీదులు, మూడూ గడువుకు ముందే. ఇదిగో కార్డు, రెండు ముక్కలు."

ఆఫీసరు ముక్కలు అతికించి చూశాడు, రసీదుల తేదీలు లెక్కపెట్టాడు. "ఒకటిన్నర. ఆ పిల్ల కోసం కాదు, ఈ రసీదుల కోసం. వెళ్లు, బయట ఇంకో దరఖాస్తు పెండింగులో ఉంది."

కౌంటరు దగ్గర ఆమె అడిగింది, "ఎంత?"

"ఒకటిన్నర. ఇరవై ఒక్క నెలల్లో తీరిపోతుంది. అప్పుడు... మిమ్మల్ని ఒక మాట..."

"వడ్డీ కోసం బ్యాంకు కప్పు ఎగరగొట్టారు. ఈ మాటకి ఇరవై ఒక్క నెలలా?"

అతను గొణిగాడు.

"వినపడలేదు. మొదటిరోజు అరిచినట్టు అరవండి."

"నన్ను పెళ్లి చేసుకుంటారా!"

సెక్షనంతా మళ్లీ తలలు తిప్పింది. ఆమె కందిన బుగ్గలతో కంప్యూటరు వెనక ముఖం దాచుకుంది.

పక్క గదిలోంచి ఆఫీసరు గొంతు ఖంగుమంది. "నువ్వు రాసిచ్చిందేగా అమ్మాయ్! సరేనను!"

ముప్పై ఏళ్లలో ఆ గదిలోంచి ఆ మాట వినడం ఇదే మొదలు. స్టాఫంతా అటు తిరిగి నోళ్లు తెరిచారు. ఆ సందడిలో ఆమె మెల్లగా అంది.

"సరే."