ఎత్తని పట్టా

ఇన్సూరెన్సు సర్వేయరు ఉదయ్ కుమార్ కాఫీ తాగి, గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టి, "ఇక చూద్దామా మేష్టారూ, మీ బండి?" అన్నాడు.

కారు వాకిట్లోనే ఉంది, బూడిదరంగు కవరు కప్పుకుని. ఒంగోలు లాయరుపేటలో ముందు వాకిలున్న ఇళ్ళూ, అలా కవరు కప్పుకున్న కార్లూ బోలెడు. ఎవరికీ అనుమానం రావలసిన పనే లేదు. అయినా జయదేవ్ కవరు కొస పట్టుకుని, వీధిలోకి అటూ ఇటూ చూసి గానీ లాగలేదు. అతను ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతాడు. తండ్రి పౌరోహిత్యం చేసి చదివించాడు. నలభై ఏళ్ళొచ్చినా అబద్ధమాడటం మాత్రం సరిగ్గా చేతకాలేదు పాపం. చేతకాని పని నెత్తినేసుకున్నవాడు ఎలా ఉంటాడో అలానే ఉన్నాడు ఆ పూట. నవ్వక్కర్లేని చోట నవ్వుతున్నాడు, అడగని ప్రశ్నలకి జవాబులు చెబుతున్నాడు.

"గేదండీ," అన్నాడు, సర్వేయరు నోరు తెరవకముందే. "మంచులో అడ్డమొచ్చేసింది. నల్లది కదా, కనపడదు."

ఉదయ్ కుమార్ గొంతుకూర్చుని చూశాడు. ఎడమవైపు బంపరు పగిలింది. లైటు పోయింది. కింద రేకు లోపలికి నొక్కుకుపోయింది.

"గేదైతే పైన బానెట్టు సొట్టపోవాలండీ. ఇది కిందనుంచి తగిలింది. రాయో రప్పో..." అంటూ బంపరు జాలీలోంచి వేలితో ఏదో లాగాడు. మిరపకాయ. ఎర్రగా, పొడుగ్గా, తొడిమతో సహా. దాన్ని వెలుగులో పెట్టి చూడబోయి తుమ్మాడు. మళ్ళీ తుమ్మాడు. కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా తుమ్మి, కాయని అవతల పారేశాడు.

"మిరపకాయల లోడు లారీ వెనకాల వచ్చానండీ చాలా దూరం," అన్నాడు జయదేవ్.

"ఎలా వస్తే నాకేంలెండి! నేను గేదెనే రాస్తా. మిరపకాయ సంగతి రాశానంటే కంపెనీవాళ్ళు వంద యక్షప్రశ్నలు వేస్తారు, మీకూ తలనొప్పి, నాకూ తలనొప్పి. గేదె తాలూకు మనిషి గొడవ పెట్టుకోలేదా మరి?"

"లేదండీ. అక్కడ ఎవరూ లేరు."

"అసలెవరూ?"

"ఎవరూ లేరండీ."

ఆ మాట రెండోసారి అనేసరికి జయదేవ్ గొంతులో కారం గీరుకున్నట్టయింది. దగ్గుతూనే సర్వేయర్ని గేటుదాకా సాగనంపాడు. వెనక్కి వచ్చి, కారుని మళ్ళీ కవరుతో కప్పి, నాలుగు మూలలా తాళ్ళు బిగించాడు.

గేదె లేదు, గాడిదా లేదు. అసలు జరిగింది ఇదీ.

పోయిన వారం గుంటూర్లో మేనమామగారింట్లో పడుకుని, తెల్లవారకముందే ఒంగోలు బయల్దేరాడు. పొద్దున్నే పిల్లలకి ప్రాక్టికల్ పరీక్షలు, తను ఉండి తీరాలి. హైవే మీద ఏదో లారీ బోల్తాపడి ట్రాఫిక్ ఆగిపోయిందని తెలిసి, పర్చూరు వైపు లోపలి రోడ్డు పట్టాడు. మాఘమాసపు మంచు. అద్దం ముందు తెల్లగుడ్డ కట్టినట్టుంది. అటూ ఇటూ పత్తిచేలో మిరపచేలో కూడా తెలియడంలేదు. అద్దాలు ఎక్కించుకున్నా పచ్చిఘాటు మాత్రం లోపలికి వస్తూనే ఉంది.

కాయ కోతలు మొదలైతే ఆ ఊళ్ళలో రోడ్డు సగమే బండ్లది. మిగతా సగం మిరపకాయలది. పగలంతా రోడ్డువార ఆరబోసి, పొద్దుగూకితే కుప్పచేసి, పైన టార్పాలిన్ పట్టా కప్పి, అంచుల మీద రాళ్ళు పెడతారు. కాపలాకి ఒకరు పక్కనే పడుకుంటారు. మంచు మరీ కురిస్తే ఆ పట్టా కిందికే దూరి, కాయల్లోనే గుంట చేసుకుని ముడుచుకుంటారు. ఇంకొక కట్టుబాటు కూడా ఉంది వాళ్ళలో. ఎవరి పట్టా వాళ్ళే ఎత్తాలి. పక్కవాళ్ళ పట్టా మీద చెయ్యివేస్తే, చుట్టమైనా సరే, దొంగతనం కిందే లెక్క. ఇవేవీ జయదేవ్‌కి తెలియనివి కావు. ఆ చుట్టుపక్కల ఊళ్ళోనే పుట్టి పెరిగాడు.

ముందు రాయి తగిలిన చప్పుడు. ఆ వెంటనే మెత్తగా, బరువుగా... ఇంకేదో.

బండి వెనక్కి తీసి దిగాడు. నీలం పట్టా సగం దాకా అణిగిపోయి ఉంది. దాని మీద చక్రం మచ్చ. చుట్టూ చెదిరిన ఎర్రకాయలు. ఎక్కడా మనిషి అలికిడి లేదు.

అప్పుడు పట్టా కిందనుంచి దగ్గు వినిపించింది.

ఒక్కసారే.

జయదేవ్ వంగి పట్టా అంచు పట్టుకున్నాడు. పట్టుకుని ఆగాడు. 'పరాయివాళ్ళ పట్టా... ఎత్తకూడదు కదా' అనుకున్నాడు. చూశారా మనిషి బుద్ధి! ఊరి కట్టుబాటు అప్పుడు గుర్తొచ్చింది మహానుభావుడికి! దగ్గింది నేనేనేమో అనుకున్నాడు. పరీక్షకి ఆలస్యమవుతోంది అనుకున్నాడు. ఎత్తితే మనిషి కనపడుతుంది. కనపడితే ఇక వెళ్ళడానికి వీల్లేదు. అదీ అతని అసలు భయం. అంచు వదిలేసి, బండెక్కి, వచ్చేశాడు.

ఆ రోజునుంచీ పేపర్లో జిల్లా పేజీ అక్షరం వదలకుండా చదువుతున్నాడు. ఎక్కడా ఏమీ లేదు. లేదని సంతోషించాలో, ఇంకా ఎవరూ చూసుకోలేదేమోనని ఏడవాలో తెలియక, అన్నం ముందు కూర్చుని ముద్దలు కెలికి లేస్తున్నాడు. పట్టా కింద మనిషి ఉందా, లేదా? ఉంటే బతికుందా? ఆ ఒక్క ప్రశ్నే లోపల తొలిచేస్తోంది.

సర్వేయరు వచ్చివెళ్ళిన సాయంత్రం, దీపాలు పెట్టే వేళకి కరెంటు పోయింది.

భార్య శ్రీదుర్గ వంటింట్లో ఉంది. జయదేవ్ ముందుగదిలో కూర్చున్నాడు. వీధి అంతా చీకటి. ఎదురింటి పిల్లల గోల కూడా ఎందుకో సద్దుమణిగింది. గాలి లేదు. కొబ్బరాకు కదలడం లేదు. ఆ నిశ్శబ్దంలో వాకిట్లోంచి చప్పుడు... పరపరా... దళసరి గుడ్డ కింద ఎవరో ఒత్తిగిల్లినట్టు.

లేచి కిటికీలోంచి చూశాడు.

కారు మీద కవరు మెల్లగా పైకి లేచింది. ఆగింది. మెల్లగా దిగింది. మళ్ళీ లేచింది.

ఊపిరి తీస్తున్నట్టు.

ఘాటు మొదలైంది. ముందు ముక్కుకి, ఆ తర్వాత కళ్ళకి. నిప్పుల్లో మిరపకాయలు పోసినట్టు ఇల్లంతా కమ్ముకుంది. శ్రీదుర్గ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని వచ్చి, అతని పక్కన నిలబడింది.

"ఏమండీ..." గుసగుసగా అంది. "మన బండి దగ్గర... ఎవరో దగ్గుతున్నారు."

"పిల్లి అయ్యుంటుంది."

"పిల్లి అలా దగ్గుతుందా అండీ?"

మళ్ళీ వినిపించింది. ముసలి దగ్గు. ఎండిపోయిన గొంతులోంచి, నీళ్ళకోసం అన్నట్టు...

"వెళ్ళి ఆ కవరు తియ్యండి."

"వద్దు."

"ఎవరో పాపం లోపల ఇరుక్కున్నారేమోనండీ!"

"వద్దు దుర్గా... నీకు దణ్ణం పెడతా. వద్దు."

ఆవిడ అతని మొహంకేసి చూసింది. చీకట్లో ఏం కనిపించిందో మరి, ఒక అడుగు వెనక్కి వేసింది. అంతలో కరెంటు వచ్చింది. కవరు కారుని అంటుకుని, అణిగిమణిగి, కట్టినచోట కట్టినట్టే ఉంది. ఘాటు మాత్రం పోలేదు.

"నిజం చెప్పండి," అంది శ్రీదుర్గ. గొంతు గుసగుస దాటలేదు. "మీరు గుద్దింది గేదెనేనా?"

అతను చెప్పాడు. గోడకి ఆనుకుని కూర్చుని, మొదలునుంచీ చివరిదాకా, పట్టా అంచు పట్టుకుని వదిలేసిన సంగతితో సహా చెప్పి, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. ఆవిడ ఓదార్చలేదు.

"దగ్గు వినపడ్డాక కూడా చూడకుండా వచ్చేశారా?" అంది. "ఇన్ని రోజులూ నా చేతి అన్నం ఎలా తిన్నారండీ మీరు?"

అతను మోకాళ్ళ మధ్య తల దూర్చుకున్నాడు.

"తెల్లారగానే వెళ్ళండి. ఆ పట్టా ఎత్తి చూడండి. మనిషి ఉంటే పోలీసులకి మీరే ఫోన్ చేసి చెప్పండి. జైలంటారా, వెళ్దురుగాని, నేనొచ్చి క్యారియరు ఇస్తా. మీరు వెళ్ళకపోతే మాత్రం నేనే వెళ్తా."

పొద్దున్నే కవరు విప్పి, ఖాళీ సీట్లన్నీ తడిమి చూసుకుని, ఆ పగిలిన బండిలోనే బయల్దేరాడు. ఆ ఊరికి చేరేసరికి మంచు విడిపోయి ఎండ కాస్తోంది. రోడ్డువారంతా ఎరుపు. ఆడవాళ్ళు తలగుడ్డలు చుట్టుకుని, కుప్పల ముందు కూర్చుని, రంగుపోయిన తాలుకాయలు ఏరి పక్కన పోస్తున్నారు. ఒకరితో ఒకరు పరాచికాలాడుకుంటున్నారు. అన్ని కుప్పల పట్టాలూ తీసేసి ఉన్నాయి, ఒక్కటి తప్ప. నీలం పట్టా. చక్రం మచ్చ చెరిగిపోలేదు. పక్కనే రాళ్ళు దొర్లిపడి ఉన్నాయి.

ఆ పట్టా మీద ఒక్క ఈగ కూడా లేదని గమనించాడు. వాసనా లేదు. తండ్రి నేర్పిన మంత్రాల్లో ఒక్క ముక్కా నోటికి రాలేదు. ఎలాగో వెళ్ళి వంగి అంచు పట్టుకున్నాడు.

"ఓ బాబూ! ఎవరు నువ్వు?" పక్క కుప్ప దగ్గర్నుంచి ఒకామె కేకేసింది. "ఆ పట్టా జోలికి పోమాక! అది మా సామ్రాజ్యం అక్కది. ఆమె ఊళ్ళో లేదు!"

"ఎత్తాలమ్మా," అన్నాడు. "నేనే ఎత్తాలి."

కళ్ళు మూసుకుని లాగేశాడు.

తెరిచి చూస్తే... కాయలు. ఉత్త మిరపకాయలు. వాటి మధ్య ఒక మనిషి ముడుచుకుని పడుకునేంత గుంట. ఖాళీ గుంట. రక్తంలేదు, శవంలేదు, ఏమీ లేదు.

జయదేవ్ అక్కడే మోకాళ్ళ మీద కూలబడ్డాడు. నవ్వాడు. నవ్వుతూ ఏడ్చాడు. చంపలేదు. నేనెవర్నీ చంపలేదు. దేవుడా, తండ్రీ, నువ్వున్నావు! మట్టీ కాయలూ కలిపి చేతుల్లోకి తీసుకుని కళ్ళకద్దుకున్నాడు. ఆ మంట కూడా హాయిగా అనిపించింది. ఎవరో ముసలామె ఏ దెబ్బా తగలకుండా లేచి, దులుపుకుని, ఏ కూతురింటికో వెళ్ళిపోయి ఉంటుంది. అంతే. ఇంతోటిదానికి ఎంత నరకయాతన పడ్డాడు!

కేకేసిన ఆమె చేట కిందపెట్టి, దబదబా వచ్చింది. పట్టా ఎత్తినందుకు నాలుగు తిట్టడానికే వచ్చింది గానీ, అతని వెనకున్న కారుని చూసి ఆగిపోయింది. ఆమె మొహం విప్పారింది.

"ఓరి నీ ఇల్లు బంగారంగానూ! నువ్వేనా బాబూ! ఈ తెల్లబండే కదా ఆ రోజు!"

"ఏ రోజమ్మా?"

"మంచు రోజు. నేను వెంకటేశ్వరమ్మని, ఈ పక్క కుప్ప నాదే. చెంబు పట్టుకుని చేలోంచి వస్తన్నా. నీ బండి ఆగి ఉంది. మా అక్క పట్టా కిందనుంచి లేచి, నడుం పట్టుకుని, వెనక తలుపు తీసుకుని నీ బండెక్కటం నా కళ్ళారా చూశా. కేకేశా గానీ పలకలా. ఎక్కడో దెబ్బ తగిలినట్టుంది, ఎవరో పుణ్యాత్ముడు ఆస్పత్రికి తీసుకుపోతన్నాడులే అనుకున్నాం. ఆమెకి వెనకా ముందూ ఎవరున్నారు గనక! అందుకే మేం ఎవరం ఎతకలా. ఎట్టా ఉంది బాబూ మా అక్క? ఏ ఆస్పత్రిలో చేర్పించావు?"

జయదేవ్ నోరు తెరిచాడు. కాయల ఘాటుకి కళ్ళు మండుతున్నాయి, ఒళ్ళు మాత్రం చల్లబడిపోతోంది.

"అమ్మా... నేను... ఆ రోజు నేను ఎవర్నీ ఎక్కించుకోలేదమ్మా. గుద్ది... చూడకుండా..."

వెంకటేశ్వరమ్మ వినిపించుకునే మనిషి కాదు. "ఉండుండు, నేనూ వస్తా. చూసి ఎన్నాళ్ళయిందో," అంటూ తలగుడ్డ విప్పి, చేతులు తుడుచుకుంటూ, కారు దగ్గరికి నడిచింది. వెనక తలుపు తీసింది.

తీసి, అలాగే నిలబడిపోయింది.

"ఇదేందక్కా..." అంది మెల్లగా. "నువ్వింకా దిగలేదా?"

ఎండలో కాయలేరుతున్న ఆడవాళ్ళ మాటలు ఒక్కసారిగా ఆగిపోయాయి. జయదేవ్ తల ఎత్తలేదు. ఖాళీ గుంట వైపే చూస్తూ ఉండిపోయాడు.

"జరుగు. కాస్త అవతలికి జరుగు, నేనూ కూర్చుంటా."

తలుపు పడిన చప్పుడు. అద్దం దిగిన చప్పుడు. లోపల ఇద్దరు ఆడవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నట్టు... ఒక గొంతు వెంకటేశ్వరమ్మదే. కాసేపటికి ఆ గొంతే అతన్ని పిలిచింది. కోపంగా కాదు, చాలా మామూలుగా.

"రా బాబూ, పోదాం. ఎన్నాళ్ళని కూర్చోబెడతావు మనిషిని?"