దిగువ సొరుగులో తొమ్మిది కొవ్వొత్తులు

తెల్లవారుజాము నుంచి సన్నటి వాన ఆగీ ఆగనట్టు పడుతోంది. కిటికీ అద్దాలు మసకబారి, ఇల్లింకా నిద్రలోనే ఉందా అనిపిస్తోంది. మామగారు కాఫీ గ్లాసు కింద పెట్టి తన గదిలోకి వెళ్ళడం కోడలు వంటింట్లోంచే విన్నది. కుర్చీ జరిగింది, మోకాలు చిటుక్కుమంది, దిగువ సొరుగు కిర్రుమంది. ఈ మూడు చప్పుళ్ళూ అయితేగాని ఆ ఇంట్లో తెల్లవారినట్టు కాదు.

ఆయన్ని వీధంతా మైనం మాస్టారంటారు. నలభై ఏళ్ళు కొవ్వొత్తులు పోసిన చెయ్యి. సొరుగులోని రేకు డబ్బాలో ఉన్న తొమ్మిదీ మాత్రం ఆయన పోసినవి కావు, రెండేళ్ళ క్రితం పోయిన అత్తగారు చివరిసారి పోసినవి. నిమ్మాకూ లవంగమూ ఇంకేదో కలిపి ఆవిడ చేసే వాసన ఆవిడ దుప్పటికీ తలగడకీ కూడా ఉండేది. పాళ్ళు ఎవరికీ చెప్పలేదు, ఎక్కడా రాయలేదు. ఇప్పుడా వాసన ఆ డబ్బాలో తప్ప ఇంకెక్కడా లేదు.

అందుకే ఆయన పాఠాలు ఇంటిల్లిపాదికీ కంఠతా వచ్చు. కొవ్వొత్తిని నిలబెట్టి దాచకూడదు, వంగిపోతుంది. పడుకోబెట్టాలి. ఒక్కోదానికీ పల్చటి కాగితం చుట్టాలి, లేకపోతే ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఎండ తగిలితే రంగు పోతుంది, పొయ్యి దగ్గరుంటే అసలుకే మోసం. అన్నిటికన్నా ముఖ్యం, వాసన ఉన్నవాటి డబ్బా మూత తీయనే కూడదు. ఈ చివరిది చెప్పేటప్పుడు వేలు కూడా ఆడిస్తారు.

ఆ ఉదయం సొరుగు మూసిన చప్పుడు కాలేదు. డబ్బా పట్టుకుని ఆయనే వంటింటి గుమ్మంలోకి వచ్చారు. ముఖం పాలిపోయి ఉంది.

"వాసన రావట్లేదమ్మా," అన్నారు.

ఆమె చెయ్యి తుడుచుకుని వచ్చి చూసింది. మైనం వాసన తప్ప ఏమీ లేదు. ఇంతలో ఆయనకి పై సొరుగులో మనవరాలి ఉన్నిబట్టల మధ్య ఆమె పెట్టిన కలరా ఉండలు గుర్తొచ్చాయి. ఆ ఘాటే అంతా పాడుచేసిందన్నారు. చెప్తే వినే మనిషైతే కదా అన్నారు. పరాయి ఇంటి నుంచి వచ్చినవాళ్ళకి ఆవిడ విలువేం తెలుస్తుందని కూడా అనేశారు. హాల్లో పేపరు చదువుతున్న కొడుకు ఆ పేపర్ని ఇంకాస్త పైకెత్తుకున్నాడు.

ఎనిమిదేళ్ళుగా ఈ ఇంటి బరువంతా నెత్తిన పెట్టుకున్న మనిషికి ఆ మాట చురుక్కున తగిలింది.

"అవి పెట్టి పట్టుమని పది రోజులు కాలేదు మామయ్యా. రెండేళ్ళుగా రోజూ పొద్దున్నే మూత తీసి వాసన చూస్తున్నదెవరు?"

నోరు జారిందని తెలిసేసరికే ఆలస్యమైంది. ఆయన డబ్బా వంక చూసుకున్నారు. మూత అంచున ఒకచోట రంగంతా పోయి రేకు తేలింది. ఆయన బొటనవేలు సరిగ్గా అక్కడే ఉంది.

"నేనే తాగేశానన్నమాట," అన్నారు మెల్లగా. "రోజుకో గుక్క."

మధ్యాహ్నందాకా గదిలోంచి కదల్లేదు. అన్నం తినమంటే ఆకల్లేదన్నారు. కోడలూ తినలేదు. చివరికి వెళ్ళి ఆయన కుర్చీ పక్కన నేలమీద కూర్చుంది.

"నేనూ మూత తీశాను మామయ్యా. పోయినేడు పాపకి నాలుగు రోజులు జ్వరం దిగకపోతే, అత్తయ్య ఉంటే ఎంత ధైర్యం చెప్పేదో అనిపించి తీశాను."

గుమ్మం దగ్గర కొడుకు నిలబడి ఉన్నాడు, ఈసారి పేపరు లేకుండా. తనూ తీశానన్నాడు, ఉద్యోగం పోయిన నెలలో రెండుసార్లు. పెద్దాయన ఇద్దర్నీ మార్చి మార్చి చూసి నవ్వబోయారు. నవ్వు రాలేదు, కళ్ళు నిండాయి.

లోపలి మైనంలో కూడా వాసన పోతుందా అని కోడలు అడిగింది. పోదన్నారు ఆయన. పైపైన పోయినా లోపలిది ఉంటుంది, వెలిగిస్తే వస్తుంది.

"మరెందుకు వెలిగించరు?"

"తొమ్మిది ఎనిమిదవుతాయి కదమ్మా."

ఆ మాట అన్నాక డబ్బాలోని కాగితం చుట్టలమీద వేలు పెట్టి ఒక్కోటీ లెక్కపెట్టారు. తర్వాత తనే ఒకటి తీసి కాగితం విప్పి, చిన్న స్టీలు గిన్నెలో నిలబెట్టి వెలిగించారు. ముందు వత్తి కాలిన వాసనే వచ్చింది. వత్తి చుట్టూ మైనం కరిగి మడుగు కట్టాక, నెమ్మదిగా, నిమ్మాకు. దాని వెనక లవంగం. దాని వెనక పేరు తెలియని ఆ ఇంకోటి. వంటింట్లో ఎవరో గిన్నె సర్దినట్టయి కోడలు తల తిప్పింది. ఎవరూ లేరు. ముగ్గురూ ఏడుపు దాచుకోలేదు.

సగం కాలాక ఆయన వత్తిని పుల్లతో మైనంలో ముంచి, పొగ రాకుండా ఆర్పారు. డబ్బా కోడలి చేతిలో పెట్టి, "నీ దగ్గరుంచు, నేనడిగినా ఇవ్వకు," అన్నారు.

మర్నాడు పొద్దున కుర్చీ జరిగింది, మోకాలు చిటుక్కుమంది, సొరుగు మాత్రం కిర్రుమనలేదు. కాసేపటికి ఆయన వంటింటి గుమ్మంలో, ఏం చెయ్యాలో తోచనట్టు నిలబడ్డారు. ఆమె డబ్బా ఇవ్వలేదు. అలమారలోంచి స్టీలు గిన్నె తీసి, అందులోని సగం కొవ్వొత్తితో సహా చేతికిచ్చింది.

"దీనికి మూత లేదు మామయ్యా. ఎన్నిసార్లైనా వాసన చూసుకోండి."

ఆయన గిన్నెని ముఖం దాకా ఎత్తి, ఆగి, ఆమె వైపు చాపారు.

"ముందు నువ్వు చూడమ్మా," అన్నారు.