ఆంత్రచరి నేర్చుకున్న మెట్టు

2094 నాటికి కాకినాడలో పేగుకి అడ్డం పడితే ఎవరూ పొట్ట కోయడం లేదు. ముక్కు గొట్టంలోంచి ఆంత్రచరిని వదులుతారు. మెంతిగింజంత మైక్రో రోబో అది. చిన్నపేగులో నడిచి, అడ్డేమిటో చూసి, ముక్కలు చేసి తీసేస్తుంది. రాష్ట్రంలోని ఆంత్రచరులన్నిటికీ మెదడు ఒక్కటే. తయారుచేసిన డాక్టర్ వకుళ ఒక కేసులో ఏం చేస్తే అన్నీ అదే నేర్చుకుంటాయి.

పగవాడికి కూడా రాకూడని నొప్పి అంటారు. ఆ ఉదయం వకుళ పగవాడికే వచ్చింది. ఆమెకి ఒకప్పుడు పై అధికారి, ఎనభై ఆరేళ్ల డాక్టర్ చిదంబరం, ఉబ్బిన పొట్టతో బల్లమీద ఉన్నాడు.

"ఏం తిన్నారు సార్?"

"తేగలమ్మా. పళ్లసెట్టుతో తింటే రుచే తెలీదు. తీసేసి మింగేశాను."

వకుళకి ఒళ్లు మండింది. ముప్ఫై ఏళ్ల కిందట ఆమె తండ్రి ఇదే నొప్పితో ఈయన వార్డులో చేరాడు. తేగల పీచు ముద్దకట్టి అడ్డం పడిందేమో, కోసి చూడండని హౌస్‌సర్జన్ వకుళ కాళ్లావేళ్లా పడింది. "తేగలకి పేగు మూసుకుపోతుందా? ఏ పుస్తకంలో ఉందమ్మా?" అని అందరి ముందూ నవ్వాడాయన. మూడోరోజుకి పేగు నల్లబడి తండ్రి పోయాడు. పీచుముద్ద, పిత్తాశయం నుంచి జారిన రాయి, ఆపరేషన్లో మరిచిపోయిన గుడ్డ... అరుదైన కారణాలన్నీ ఆమె యంత్రానికి నూరిపోసింది ఆ కసితోనే.

ఆంత్రచరి ముద్ద దగ్గరికి చేరింది. "తియ్యనా డాక్టర్?" అని స్పీకర్లోంచి అడిగింది.

"ఆగు. ముందు ఈయన తప్పు ఒప్పుకోవాలి."

"నొప్పమ్మా..."

"మా నాన్నకీ నొప్పే సార్."

గంటసేపు మెలికలు తిరిగి, చివరికి చేతులు జోడించాడు. "నా గర్వం కొద్దీ ఆపరేషన్ ఆపాను. మీ నాన్న ప్రాణం తీశాను. క్షమించు తల్లీ."

"ఇప్పుడు తియ్యి," అంది వకుళ. ఆయన బతికాడు. ఆమె కడుపు చల్లబడింది.

మధ్యాహ్నం రాజాం ఆసుపత్రి నర్సు ఫోన్ చేసింది. "తొమ్మిదేళ్ల పిల్లండి మేడమ్, జుట్టు తినే అలవాటు. పేగులో వెంట్రుకల ఉండ ఉంది. ఆంత్రచరి దాని దగ్గరే ఆగిపోయి, తప్పు ఒప్పుకోమంటోందండి! పిల్ల తప్పయిందని అమ్మకి చెప్పింది, టీచరుకి చెప్పింది, కొట్టినందుకు తమ్ముడికీ చెప్పింది. అయినా కదలట్లేదండి!"

"తియ్యి!" అని యంత్రం మీద అరిచింది వకుళ.

"వైద్యం ఆపినవాళ్లు తప్పు ఒప్పుకుంటేనే తియ్యాలని పొద్దున్న నేర్పారు. ఇక్కడ వైద్యం ఆగింది ఈ పిల్ల వల్ల కాదు, పొద్దున్న మీరన్న 'ఆగు' వల్ల డాక్టర్. ఇలా పదకొండు పడకల దగ్గర ఆగి ఉన్నాను."

వకుళ మైకు దగ్గరికి వంగింది. "నా పగ కోసం ఒక రోగిని గంటసేపు నొప్పిలో ఉంచాను. తప్పు నాదే. క్షమించండి."

ఆ మాట పదకొండు పడకల దగ్గరా వినిపించింది. ఆంత్రచరులు పని మొదలుపెట్టాయి. రాజాం పిల్ల పేగు మాత్రం అప్పటికే నల్లబడిందని నర్సు చెప్పింది.