కాంచితో కత్తిరించిన పాతలు

"కాంచి తెచ్చుకున్నారా?" అని అడిగాడు విశాల్.

కౌముది ఒక్క క్షణం ఆలోచించింది. "పట్టుచీర కట్టుకుని రావాలని ఫోన్‌లో చెప్పలేదే మీరు."

"చీరెందుకండీ? కాంచి. కాయితం కోసుకోడానికి."

"కత్తెరా?"

"ఆఁ, అదే. మీరు దాన్నేటంటారో నాకేటి తెలుసు?"

"కత్తెరని కత్తెరే అంటారు. తెలుగులో."

బెంగాల్‌లో, ఖిదిర్‌పూర్ మార్కెట్ వెనక సందులో విశాల్ నడిపే కాగితపు అలంకరణల షాపు అది. ప్రేమకథ అన్నాక వాన పడాలి, పైట ఎగరాలి. ఇక్కడ జూన్ నెల ఉక్కపోత, ఓపిక లేని ఫ్యాను, బల్లంతా ఎండిపోయిన గమ్. తొలిచూపు మాత్రం పడింది. అదీ అబ్బాయి మీద కాదు, షాపు బోర్డు మీద.

"'కగితం పువులు' అని రాశారు. దీర్ఘాలూ ఒత్తులూ అద్దెకిచ్చారా దాదా?"

విశాల్ పుట్టి పెరిగింది ఈ సందులోనే. వాళ్ల తాత శ్రీకాకుళం నుంచి ఓడరేవు డాక్‌లో పనికి వచ్చాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగే కానీ, చదవమంటే కూడబలుక్కోవాలి. పని నేర్పింది బెంగాలీ మేస్త్రీ కాబట్టి చేతిపని మాటలన్నీ బెంగాలీవే.

"తాతలు ఒచ్చినప్పుడు మనుషులే ఒచ్చీసినారండి. అచ్చరాలు ఊర్లోనే ఉండిపోయాయి," అన్నాడు అతను, ఏమాత్రం సిగ్గుపడకుండా.

కౌముది రావడానికి కారణం వాళ్ల అమ్మ హైమ. నాన్న త్యాగరాజు బ్యాంకు మేనేజరు. హైదరాబాద్ నుంచి బదిలీ మీద వచ్చి అలీపూర్‌లో ఉంటున్నారు. హైదరాబాద్ నుంచే ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి తల్లి పుష్పరాణి ఫోన్‌లో "అమ్మాయికి హాబీలేంటండీ?" అని అడిగిన సమయానికి, హైమ సెల్‌ఫోన్‌లో గాజు సీసాలో కాగితపు తోట బొమ్మ చూస్తోంది. అంతే, ఆ తోట కూతురి ఖాతాలో పడిపోయింది. ఆ కూతురికి కవరు తిన్నగా చించడం కూడా రాదు.

"నేర్పడం ఎందుకు, రెడీమేడ్‌ది ఒకటి అమ్మేయండి దాదా. మా అమ్మ పరువు నిలబడుతుంది."

"రేపు అబ్బాయి తల్లి ఎదురుగా ఒకటి సెయ్యమంటే ఏటి సేస్తారు?"

కౌముది కుర్చీ లాక్కుని కూర్చుంది. అలా ఆదివారం క్లాసులు మొదలయ్యాయి.

మొదటి క్లాసు అయ్యాక అతను, "ఒచ్చే ఆదివారం మీ ఇంటికాణ్ణించి పాతలు పట్రండి. వాటిని సూసి కోద్దాం," అన్నాడు.

ఆమె బుద్ధిగా ఒక సంచీ నిండా పాత పేపర్లు, నాన్న బ్యాంకువాళ్ల పాత క్యాలెండర్లు మోసుకొచ్చింది. విశాల్ సంచీలోకి చూసి, బల్ల పట్టుకుని నవ్వాడు.

"పాతా అంటే ఆకండీ. బెంగాలీలో."

"ఓహో. మరి కొత్తగా చిగురేస్తే కొత్త పాత అంటారా?"

"మీరు సీరియల్లో మాటాడినట్టు మాటాడతారు గానీ, కోపమొస్తే బాగుంటారండి."

"నేను కోపంలో లేను. నా మామూలు ముఖమే ఇది."

పని మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకుని నేర్పాడు. ఆకుపచ్చ కాగితం మధ్యకి మడిచి సగం ఆకు కోస్తే, విప్పగానే రెండు పక్కలూ సమానంగా వస్తాయి. కాంచి వీపుతో రాస్తే అంచు వంపు తిరుగుతుంది. గోధుమరంగు కాగితం గట్టిగా చుడితే కొమ్మ. పెద్ద ఆకులు సీసాలో వెనక్కి, చిన్నవి ముందుకి, అన్నీ పొడుగాటి పట్టకారుతోనే దించాలి. కౌముది మొదటి ఆకు చూసి అతను, "ఇది పాతా, మేక సెవా?" అని అడిగాడు. ఆమె ఆ ఆకుని అతని టీ గ్లాసులో పడేసింది.

ఆదివారాలు గడిచేకొద్దీ మేక చెవులు తగ్గాయి. మామిడాకు, ఫెర్ను, నీలంరంగు లకుముకి పిట్ట, అన్నీ వచ్చేశాయి. విశాల్‌కి అప్పుడుగానీ బుర్ర వెలగలేదు. సీసా ఎంత అందంగా వస్తే, ఆ పిల్ల అంత ఖాయంగా హైదరాబాద్ వెళ్లిపోతుంది. తన కొంప కాలడానికి తనే అగ్గిపుల్ల గీస్తున్నాడు. ఒక ఆదివారం కావాలనే గమ్ తక్కువ రాయించాడు. కొమ్మ ఊడింది. ఆమె ముఖం చిన్నబోవడం చూడలేక మళ్లీ తనే అంటించాడు. విలన్ పని కూడా అందరికీ చేతకాదు మరి.

పెళ్లిచూపుల ముందు ఆదివారం వాన పడింది. ఎప్పుడో ఒకప్పుడు పడాలిగా. సందులో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. ఇద్దరూ షాపులో ఇరుక్కుపోయారు.

"ఒక రిక్వెస్టండి," అన్నాడు విశాల్. "నన్ను దాదా అనకండి."

"ఈ ఊళ్లో అందరినీ అలాగే అంటారుగా. ఆటో దాదా, చేపల దాదా."

"అందరూ అననీండి. మీరు తప్ప."

కాంచి ఆకు మధ్యలో ఆగిపోయింది.

"దాదా అంటే అన్న కదండీ," అన్నాడు అతను, నీళ్ల వైపు చూస్తూ.

"తెలుసు."

"తెలిసే అంటన్నారా?"

"మొదటిరోజు తెలియక అన్నాను. తర్వాత తెలిసింది. అప్పటినుంచి భయమేసి అంటున్నాను."

"నేనంటే భయమా?"

"మీరంటే కాదు. నేనంటేనే."

విశాల్‌కి గుండెల్లో ఎక్కడలేని సంతోషం పొంగింది. నోట్లోంచి మాత్రం, "మరి ఆ పెళ్లిచూపులు మానీండి," అని మొరటుగా వచ్చింది.

"వాళ్లు టికెట్లు కొనుక్కున్నారు. అమ్మ మాటిచ్చింది. ఇప్పుడు ఏమని చెప్పను? 'కగితం పువులు' అబ్బాయి కావాలనా?"

అది అతనికి గుచ్చుకుంది. అయినా తల వంచుకోలేదు. "అదే సెప్పండి. తప్పుల్తో సహా సెప్పండి."

నీళ్లు తగ్గగానే ఆమె లేచింది. సగం కోసిన ఆకుని కూడా సీసాలో దించి, దాన్ని ఒళ్లో పెట్టుకుని టాక్సీ ఎక్కింది.

పెళ్లిచూపులలో అబ్బాయి జయదేవ్ కాఫీ వైపు, సెల్‌ఫోన్ వైపు సమానంగా చూశాడు. చూడాల్సినవాళ్ల వైపే చూడలేదు. పుష్పరాణి సీసా చేతిలోకి తీసుకుని, అల్లం గడ్డలా అటూ ఇటూ తిప్పి చూసింది.

"కొన్నట్టే ఉందే. ఇవన్నీ నువ్వే చేశావా అమ్మా?"

"అవునండీ," అంది కౌముది. అన్ని ఆదివారాల అలవాటు నాలుక మీద కూర్చునుంది. "పాతలన్నీ నావే. కాంచితో చేశాను."

"పాతవా?" పుష్పరాణి సీసా కింద పెట్టేసింది. "కంచిలో కొన్నారా? మాకు చూపించడానికి పాత సామాను పెట్టారా హైమగారూ?"

హైమ గబుక్కున స్వీట్ల ప్లేటు ముందుకి జరిపింది. 'ఆకులు' అని ఒక్క మాటంటే చాలు, అందరూ నవ్వుకుని స్వీట్లు తినేవాళ్లు. ఆ మాట కౌముది పెదవుల దాకా వచ్చింది. సీసాలో పిట్ట పక్కన సగం కోసిన ఆకు కనిపించింది. వాన, నీళ్లు, 'తప్పుల్తో సహా' అన్న గొంతు గుర్తొచ్చాయి.

"అవునండీ, పాతలే," అంది. బెంగాలీలో అది పచ్చి నిజం.

"సీసా దగ్గరే ఇలా ఉంటే మిగతావి ఎలా నమ్మడం?" అంటూ పుష్పరాణి కొడుకుని లేపుకుని వెళ్లిపోయింది.

హైమ సోఫాలో కూలబడింది. "కొత్తగా చేసినవాటిని పాతవంటావేమిటే, నీకు మతి పోయిందా?"

"పాతా అంటే ఆకు," అన్నాడు త్యాగరాజు తాపీగా, మిగిలిన మైసూర్‌పాక్‌లలో ఒకటి తీసుకుంటూ. "మా ప్యూన్ పొద్దున్నే 'చా పాతా' అయిపోయిందంటాడు. టీ ఆకన్నమాట."

కౌముది నివ్వెరపోయింది. "తెలిసి కూడా వాళ్లకి చెప్పలేదేం నాన్నా?"

"నువ్వు చెబుతావేమోనని చూశాను. నువ్వు చెప్పలేదు. అందుకని నేనూ చెప్పలేదు." ఆయన చేయి తుడుచుకున్నాడు. "ఆ మాట నేర్పిందెవరు?"

"విశాల్."

హైమ తల పట్టుకుంది. "ఆ షాపు దాదానా?"

"దాదా అనకమ్మా," అంది కౌముది.

త్యాగరాజు ఖాళీ కాఫీ కప్పులన్నీ లోపల పెట్టొచ్చాడు. హైమకి అర్థమవడానికి అంతసేపు పట్టింది. అర్థమయ్యాక ఇంకో మైసూర్‌పాక్ ఆవిడే తీసుకుంది.

తర్వాతి ఆదివారం త్యాగరాజు కూతురితో పాటు ఖిదిర్‌పూర్ సందులోకి వచ్చాడు. విశాల్ తల్లి అప్పలకొండమ్మ కొంగుతో కుర్చీ తుడిచి వేసింది. "మా ఓడికి అచ్చరం ముక్క రాదు బాబూ. మాటంటే మాత్రం మాటే," అంది.

ఆయన కూర్చోకుండా బోర్డు వైపు చూశాడు. "ముందు ఆ దీర్ఘం పెట్టవయ్యా. పెళ్లి మాటలు తర్వాత మాట్లాడుకుందాం."

విశాల్ కంగారుగా బల్లంతా వెతికాడు. రంగు డబ్బా దొరికింది కానీ, మూతకి కట్టిన తాడు తెగడం లేదు. "కత్తెర ఏదండీ? కత్తెర ఎక్కడ పెట్టారు?"

"కాంచి మీ చేతిలోనే ఉంది," అంది కౌముది.

కథలన్నీ కంచికి పోతాయంటారు. ఈ కథ కాంచి దాకా వచ్చి, ఇంక కదలనంది.